పింక్ బంతికి ఆరు

మార్చి 7, శుక్రవారం

పిచ్చుకా,

మొన్న మంగళవారం నువ్వు రిఫరీగా ఉన్న స్నూకర్ మ్యాచ్‌లో సాయంత్రం నాలుగు గంటల పన్నెండు నిమిషాలకు పోస్ట్‌మాన్ ఆఖరి నల్ల బంతిని మూల పాకెట్‌లో వేశాడు. నా పుస్తకంలో స్కోరు 58–58. మీ బోర్డు మీద 58–57.

నా లెక్కే నిజమైతే ఆట సమం. నల్ల బంతిని మళ్లీ దాని చోట పెట్టాలి, నాణెం ఎగరేయాలి, ఎవరు ముందు వేస్తే వాళ్లదే ఫ్రేము, ఆ ఫ్రేముతో మ్యాచ్. నువ్వు కోటు జేబులో నాణెం వెతుకుతావని కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చున్నాను. నువ్వు తెల్ల తొడుగులు విప్పేశావు. వాళ్లిద్దరూ చేతులు కలిపారు. ఓడిన ఎడమచేతివాడు క్యూ కర్రని రెండు ముక్కలుగా విప్పి పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పుడు టీవీ అడుగున అంటించిన అట్టముక్క పీకి చూశాను.

అట్టముక్క నీకు కొత్త కాదు. వాళ్లు తెర మీద వేసే స్కోరు కనపడకుండా ఇరవై రెండేళ్లుగా అడ్డం పెడుతున్నాను. వాళ్ల లెక్క చూస్తూ రాసుకుంటే అది లెక్క కాదు, కాపీ. ఆట అయ్యాక అట్ట తీసి సరిచూసుకుంటాను. ఇప్పటికి పద్నాలుగు పుస్తకాలు నిండాయి. రిఫరీలదో, స్కోరుదో తప్పు కనపడ్డ సందర్భాలు నలభై ఒకటి. ప్రతిసారీ స్నూకర్ సంఘానికి ఉత్తరం రాశాను. నలభై ఒక్క ఉత్తరాలకి ఇంతవరకూ ఒక్క జవాబు లేదు.

పోస్ట్‌మాన్ గెలిచినందుకు నాకు బాధ అనుకోకు. ఉత్తరాల సంచి పక్కన పెట్టి క్యూ పట్టుకున్న రోజు నుంచి నేను అతని మనిషిని. నలభై ఏడేళ్లు వచ్చాయి. ఈ మ్యాచ్ ఓడితే వచ్చే ఏడాది వృత్తి ఆటగాళ్ల జాబితాలో పేరుండదు. ఆఖరి నల్ల బంతి కొట్టేటప్పుడు నేను ఊపిరి పీల్చలేదు.

ఆ ఫౌల్ మాత్రం భలే పట్టావు. పోస్ట్‌మాన్ నీలం బంతికి గురిపెట్టి కొట్టాడు, తెల్ల బంతి ముందు పింక్‌ని వెంట్రుకవాసి రాసుకుంటూ పోయింది. బట్టల మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు భూతద్దం కింద పోగులు లెక్కపెట్టినవాణ్ణి కాబట్టి నాకు కనపడింది. నీకు ఎలా కనపడిందో ఆశ్చర్యం.

ఇంతకీ ఆ ఒక్క పాయింటు ఎక్కడ పడిపోయింది? నా దగ్గర పడిపోతే నా దగ్గర, మీ దగ్గర పడిపోతే మీ దగ్గర. స్కోరు రాసే మార్కర్ కాగితం చూసి ఆ ఫ్రేము లెక్క వరసగా రాసి పంపు.

మీ అమ్మ ఆఖరి ఫ్రేములో మేడమీదకి వచ్చి కర్టెన్లు మార్చింది. ఏ చెల్లెలూ ఏ అన్నకీ ఇంత ద్రోహం చేసి ఉండదు.

మామయ్య


మార్చి 10, సోమవారం

పేచీకోరు మామయ్యకి,

మార్కర్ కాగితం మీద 58–57. కింద ఇద్దరు ఆటగాళ్ల సంతకాలు, మార్కర్ సంతకం, నా సంతకం, పైన పెద్ద రిఫరీ ముద్ర. అయిదుగురం ఒక వైపు. నువ్వూ, నీ అట్టముక్కా ఇంకో వైపు.

నీ కోపం దేనికో నాకు అర్థమైంది. పోస్ట్‌మాన్ మీద ఫౌల్ పిలిచాను. 'భలే పట్టావు' అని నువ్వు ఎవరినైనా మెచ్చుకున్నావంటే లోపల ఉడికిపోతున్నావని లెక్క. అమ్మ వంటని మెచ్చుకున్న రోజున నువ్వు కంచం ముందు నుంచి లేచిపోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆయన నీ మనిషి కావచ్చు, టేబుల్ దగ్గర నాకు మనుషులు లేరు. బంతులే ఉన్నాయి.

కోపం కాకపోతే నాకు మరీ భయం. నీకు అరవై తొమ్మిది. మొన్న ఎడం చెప్పు కుడి కాలికి వేసుకుని మెట్లు దిగావని అమ్మ ఫోన్లో చెప్పింది. ఏడుని ఎనిమిది అని రాసుకునే వయసు రావడం తప్పు కాదు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లు. అమ్మకి చెప్పాను, తీసుకెళ్తుంది. ఎదురు తిరగకు.

ఒక సంగతి నీ ఒక్కడికే. వసంతకాలపు టోర్నమెంటులో టీవీ కెమెరాలుండే పెద్ద టేబుల్‌కి కొత్త రిఫరీని తీసుకుంటున్నారు. ముగ్గురి పేర్లు మిగిలాయి, ఒకటి నాది. పదకొండేళ్లుగా చెక్క అడ్డుగోడల మధ్య, ప్రేక్షకుల్లేని ఎనిమిది టేబుళ్ల హాల్లో, ఒక్క కెమెరా ముందు నిలబడి బంతులు తుడుస్తున్నాను. హోటల్ సింకులో తొడుగులు ఉతికి ఉతికి వేళ్లు నానిపోయాయి. నెలాఖరుకి తేలుతుంది. ఈలోగా నా పేరు మంచికైనా చెడుకైనా ఎవరి నోట్లోనూ నానకూడదు. అమ్మకి చెప్పకు, వీధి మొత్తానికి చెప్పేస్తుంది.

కళ్లు చూపించుకో.

పిచ్చుక


మార్చి 14, శుక్రవారం

చిరంజీవి రిఫరీకి,

నిన్న పదకొండున్నరకి మీ అమ్మ నన్ను కంటి డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది. గోడ మీద అక్షరాల అట్ట ఉంది. పై వరస నుంచి అడుగు వరస దాకా చదివాను. ఇంకా కింద, అట్ట అంచున, అచ్చు వేసిన ప్రెస్సు పేరు చీమల్లాంటి అక్షరాల్లో ఉంది, అదీ చదివాను. డాక్టరు లేచి అట్ట దగ్గరికి వెళ్లి కళ్లజోడు ఎత్తి చూసొచ్చాడు. అక్కడ పేరు ఉన్నట్టు ఆయనకి పన్నెండేళ్లుగా తెలియదట.

డాక్టరు ఏదో అన్నాడు, మీ అమ్మ ఏదో అంది. నాకు వినపడదు కదా, వాళ్ల మాటలు మీ అమ్మ పలక మీద రాసి చూపించింది. ఆయన: "ఈయన కళ్లు అవసరానికి మించి బాగున్నాయమ్మా." మీ అమ్మ: "అయితే బుర్రకి వేరే డాక్టరున్నాడా?" తన మాట కూడా దాచకుండా రాసినందుకు మెచ్చుకోవాలి. కళ్లు బాగున్నాయని కాగితం ఇచ్చాడు, ముద్ర వేసి.

ఎడం చెప్పు సంగతి: కుడి మడమ మీద పుండు. ఎడం చెప్పు వదులు. ఇందులో బుర్రకి సంబంధం లేదు.

ఇక అసలు సంగతి. కళ్ల మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లకముందే, బుధవారం నీ ఉత్తరం అందిన గంటకి కూర్చుని ఆలోచించాను. పాకెట్‌లో పడ్డ బంతి రంగు దాగదు. ఎర్ర పడితే ఒకటి, నల్ల పడితే ఏడు, ఎవరు రాసినా అంతే. తేడా వస్తే ఫౌల్ దగ్గరే రావాలి, అది నోటితో చెప్పే లెక్క. ఆ ఫ్రేములో ఫౌల్ ఒక్కటే. నీలానికి అయిదు, పింక్‌కి ఆరు. రెండిట్లో పెద్దది అవతలివాడికి ఇవ్వాలి. ఎడమచేతివాడికి ఆరు రావాలి. నా పుస్తకంలో ఆరే ఉంది. మీ కాగితం మీద అయిదు ఉండి ఉంటుంది.

నీకు ఎనిమిదేళ్లప్పుడు మేడ మీద దుప్పటి పరిచి, రంగు గుండీలు పెట్టి ఈ సూత్రమే మొదట నేర్పాను. నువ్వు పొరపడవు. కాబట్టి పొరపడింది మార్కర్. ఇంతకన్నా సూటి తర్కం లేదు.

బుధవారం మధ్యాహ్నమే సంఘానికి రాసి టపాలో వేశాను. అది నలభై రెండోది. 'మార్కర్ ఆరుకి బదులు అయిదు నమోదు చేసినట్టు అనుమానం, విచారించగలరు' అని రాశాను. నిన్ను ఇరికించలేదు. పైగా 'రిఫరీ అతి సూక్ష్మమైన ఫౌల్‌ను అత్యంత సమర్థంగా గుర్తించారు' అని చేర్చాను. రిఫరీ నా మేనకోడలని కూడా రాశాను. చుట్టరికం దాచిపెట్టి మెచ్చుకోవడం పద్ధతి కాదు.

నీకు ఇది మేలే చేస్తుందని నమ్మకం.

మామయ్య


మార్చి 17, సోమవారం

మామయ్యా,

కూర్చుని చదువు.

మార్కర్ సొంతంగా ఏమీ రాయడు. నేను ఏం పిలిస్తే అది రాస్తాడు. అయిదని పిలిస్తే అయిదు, పదిహేడని పిలిస్తే పదిహేడు.

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. టీ విరామంలో ఆ మ్యాచ్ రికార్డింగు పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని విన్నాను. మూడు గంటల నలభై ఒకటో నిమిషం. నా గొంతు: "ఫౌల్. అయిదు." ఎక్కడా తడబాటు లేదు. ఎంత ధీమాగా చెప్పానంటే, తప్పని తెలిసి విన్నా నమ్మబుద్ధేసింది. పింక్ తగలడం చూశాను, ఆ చూసిన గర్వంలో నోటికి నీలం లెక్క వచ్చింది. అంతే.

హాల్లో అందరూ అయిదు విన్నారు, అయిదే నమ్మారు. నష్టపోయిన ఎడమచేతివాడు కూడా తల ఊపాడు. నువ్వు ఒక్కడివే వినలేదు. నీ చెవులు బాగుండి ఉంటే నువ్వూ అయిదే రాసుకునేవాడివి, ఈ గొడవే ఉండేది కాదు.

ఇప్పుడు జరిగింది విను. ఇరవై రెండేళ్లుగా నీ ఉత్తరాలకి జవాబు ఇవ్వని సంఘం దీనికి మాత్రం కదిలింది. ఎందుకంటే ఇందులో తప్పు మార్కర్‌ది. మార్కర్ తప్పు విచారించడం సులువు. శనివారం అతన్ని పిలిచారు. పాతికేళ్లు బస్సు కండక్టరుగా చేసి వచ్చిన మనిషి. "నువ్వు రాసింది తప్పట" అన్నారు. రికార్డింగు వినిపించమని కూడా అడగలేదు. "అయ్యుంటుంది సార్" అన్నాడు. ఇరవై తొమ్మిది నుంచి మొదలయ్యే రెండో రౌండుకి అతన్ని తీసేస్తున్నారు.

ఈ పొద్దున నీ ఉత్తరం విప్పకముందు నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. "మేడమ్, మీ మ్యాచ్ పాడు చేశాను, మనసులో పెట్టుకోకండి" అన్నాడు. "పర్లేదులెండి" అన్నాను. నాకు అప్పటికి తెలియదు. కానీ అన్నాను.

మామయ్యా, నువ్వు ఇంకో ఉత్తరం రాయి. పొరపాటు నీదేనని, వయసు వల్ల లెక్క తప్పిందని రాయి. మార్కర్ నిలబడతాడు. నా పేరు జాబితాలో ఉంటుంది. పోస్ట్‌మాన్ ఆడుకుంటాడు. అందరం బయటపడతాం, నీ పుస్తకం ఒక్కటి తప్ప.

నిన్ను ఇంతవరకూ ఏమీ అడగలేదు.

పిచ్చుక


మార్చి 19, బుధవారం

పిచ్చుకా,

నీ ఉత్తరం ఉదయం పదింటికి అందింది. ఇప్పుడు మధ్యాహ్నం రెండు. నాలుగు గంటల్లో మూడు కాగితాలు చింపాను.

మొదటిదాంట్లో 'వయసు కారణంగా నా చూపు మందగించి' అని మొదలుపెట్టాను. రుజువు జత చేయకుండా నేను సంఘానికి ఎప్పుడూ రాయలేదు. డాక్టరు కాగితం తీశాను. చూపు దివ్యంగా ఉందని ముద్ర వేసి ఉంది. రెండోదాంట్లో 'మతిమరుపు వల్ల' అని రాశాను. ఆ వాక్యంలో తేదీ, సమయం, ఫ్రేము నంబరు, మూడు ఫ్రేముల స్కోరు నోటికి వచ్చినవి వచ్చినట్టు రాసేశాను. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. మూడోది ఎందుకు చింపానో గుర్తులేదు, ఆ లెక్కన మతిమరుపు నిజమే.

నీకు చెప్పని మాట ఒకటుంది. మంగళవారం అట్ట పీకి 58–57 చూశానే, ఆ క్షణంలో నేను పుస్తకం మూసేసి అట్టని మళ్లీ అంటించేశాను. పోస్ట్‌మాన్ ఆడుతాడు, చాలు అనుకున్నాను. నీకు రాయడానికి మూడు రోజులు పట్టింది. లెక్క వెతుకుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను, వెతకడానికి పది నిమిషాలు చాలు. మిగతా కాలం చూడనట్టు ఉండటానికి ప్రయత్నించాను. కుదరలేదు. కాబట్టి నువ్వు అడిగినది పెద్ద పాపమని నేను అనను. నీకన్నా ముందు నేనే ఆ పని చేయబోయాను.

మిల్లులో ఒకసారి ఫోర్‌మన్ కోసం పడుగు పోగు తప్పిన బట్ట తాను ఒకటి చూసీ చూడనట్టు దాటించాను. ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత ఏడాది పాటు వీధిలో ఎవరి చొక్కా చూసినా అంగుళానికి పోగులు లెక్కపెట్టేవాణ్ణి. జనం నన్ను చూసి పక్కకి తప్పుకునేవాళ్లు.

నీ కోసం రాస్తాను. నాలుగో కాగితం సిద్ధంగా ఉంది, పొట్టిగా ఉంది, పనికొస్తుంది. మార్కర్ నీ దగ్గర మాఫీ అడిగాడే, దాన్ని మాత్రం నా ఉత్తరం వెనక్కి ఇప్పించలేదు. అది నీ లెక్కలోది.

ఎల్లుండి శుక్రవారం నాలుగింటికి వీధి చివర పెట్టెలోంచి టపా తీస్తారు. అప్పటిదాకా, ఈపాటికే నువ్వు వేసిన ఉత్తరం ఏదైనా వచ్చి వేరే మాట చెప్పకపోతే, వేసేస్తాను.

మామయ్య


మార్చి 20, గురువారం

మామయ్యా,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేకపోయాను. అమ్మకి ఫోన్ చేసి చెప్పిద్దామంటే వీధి మొత్తానికి తెలుస్తుంది. ఆ రెండో ఉత్తరం రాయకు. రాసి ఉంటే వేయకు.

నిన్న సాయంత్రం అయిదింటికి పెద్ద రిఫరీ గదికి వెళ్లి చెప్పేశాను. నిజం చెప్పాలంటే ధైర్యం వచ్చి వెళ్లలేదు. మార్కర్ తన స్టూలు కింద కుషన్ తీసుకెళ్లడానికి వచ్చాడు. సొంత కుషన్. సంచిలో కుక్కుతూ, "కొత్తవాడికి ఈ స్టూలు గట్టిగా ఉంటుంది మేడమ్, వేరేది ఇప్పించండి" అన్నాడు. అక్కడి నుంచి తిన్నగా మెట్లెక్కాను.

పెద్ద రిఫరీ పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నాడు. "సంతకాలు అయిపోయాయి, ఫలితం మారదు" అన్నాడు. మార్కర్‌ని ఉంచేశారు. నా పేరు సంగతి ఇరవై తొమ్మిదిన రెండింటికి కమిటీ తేలుస్తుంది.

తర్వాత నీ దస్త్రం తెప్పించాడు. ఇనప బీరువాలో నీ నలభై ఒక్క ఉత్తరాలూ ఉన్నాయి మామయ్యా, వరస తప్పకుండా, ఒక్కదాన్నీ విచారించకుండా. పైన అట్ట మీద 'మళ్లీ ఈయనే' అని రాసి ఉంది. నలభై రెండోది నిజమని తేలింది కాబట్టి మిగతావీ చూడక తప్పలేదు. ఈ పొద్దంతా ఇద్దరు గుమాస్తాలు రికార్డింగులు పెట్టుకుని చూశారు. దొరికినవాటిలో పందొమ్మిది నిజం. ఆ పందొమ్మిదిలో ఆరు పెద్ద రిఫరీ స్వయంగా చేసినవి. మనిషి నీళ్లు నములుతున్నాడు.

అసలు వార్త ఇంకోటి. సంగతి పోస్ట్‌మాన్ చెవిన పడింది. ఈ మధ్యాహ్నం హాల్లోకి వచ్చి అందరి ముందూ అన్నాడు: "నాది కాని ఉత్తరం నా సంచిలో ఉంచుకునే అలవాటు నాకు లేదు." ఎడమచేతివాడికి ఫోన్ చేశాడు. ఇరవై తొమ్మిది ఉదయం పదింటికి నాలుగో టేబుల్ మీద, ఆ రోజు ఆడకుండా వదిలేసిన ఒక్క నల్ల బంతీ ఆడతారు. రికార్డుల్లో ఉండదు. కానీ పోస్ట్‌మాన్ ఓడితే పదిన్నరకి అతనికి జ్వరం వస్తుందట. ఆటగాడికి జబ్బు చేస్తే కిందటి రౌండులో అతని చేతిలో ఓడినవాడికి ఆ చోటు ఇవ్వచ్చని నిబంధన ఉంది. రెండో రౌండు ఆడినవాడికే వచ్చే ఏడాది జాబితాలో పేరు. జ్వరం సంగతి పెద్ద రిఫరీకి ముందుగానే చెప్పి ఉంచాడు.

ఇద్దరూ రిఫరీగా నన్నే అడిగారు. ఎందుకని అడిగాను. "ఇక మీరు అయిదు అనరు కదా" అన్నాడు ఎడమచేతివాడు.

మళ్లీ చెబుతున్నాను, ఆ ఉత్తరం వేయకు.

పిచ్చుక


మార్చి 22, శనివారం

పిచ్చుకా,

వేసేశాను. నిన్న మూడున్నరకి. నీ ఉత్తరం ఇవాళ పొద్దున తొమ్మిదింటికి వచ్చింది.

చెప్పులు వేసుకుని, ఏ కాలికి ఏది వేసుకున్నానో చూసుకోలేదు, పోస్టాఫీసుకి పరిగెత్తాను. కిటికీ దగ్గర గుమాస్తాకి 'నిన్న వేసిన ఉత్తరం వెనక్కి కావాలి' అని కాగితం మీద రాసిచ్చాను. అతను దాని కిందే రాశాడు: 'ఎందుకు?' నేను: 'అందులో అబద్ధం ఉంది.' అతను చదివి, పక్క గుమాస్తాకి చూపించి, ఇద్దరూ నన్ను కిందా మీదా చూసి రాశారు: 'అబద్ధాలున్న ఉత్తరాలన్నీ వెనక్కి ఇస్తే మాకు పని ఉండదు. పెట్టెలో పడ్డాక అది మీది కాదు.'

అక్కడే బల్ల మీద కూర్చుని నలభై నాలుగో ఉత్తరం రాశాను. 'నా నలభై మూడో ఉత్తరం అబద్ధం. దాన్ని నా మేనకోడలి కోసం రాశాను. నలభై రెండోదే నిజం, అందులోనూ తప్పు మార్కర్‌ది కాదు' అని. వెంటనే వేశాను. రెండూ ఒకే సంచిలో వెళ్తాయేమో.

ఇరవై రెండేళ్లలో ఒక్క అబద్ధం రాశాను. అదీ ఎవరికీ అక్కర్లేని రోజున.

మీ అమ్మకి మొత్తం చెప్పాల్సి వచ్చింది. అంతా విని పలక మీద రాసింది: 'చెవులు లేని నీకు నిజం, నోరున్న దానికి అబద్ధం. మధ్యలో నేను మొన్న మార్చిన కర్టెన్లదే తప్పంటావా?' తర్వాత పలక తుడిచేసి ఇంకా ఏదో రాసింది, అది నీకు రాయదగ్గది కాదు.

మామయ్య


మార్చి 24, సోమవారం

మామయ్యా,

నలభై మూడూ, నలభై నాలుగూ ఈ పొద్దున పదకొండింటికి ఒకే కట్టలో వచ్చాయి. గుమాస్తా నలభై నాలుగోది ముందు విప్పాడు, తర్వాత నలభై మూడు. మధ్యాహ్నానికి కమిటీలో ఎవరికీ ఏదీ అర్థం కాలేదు. తప్పు చేశానని రిఫరీ అంటోంది. చేయలేదని ఫిర్యాదు తెచ్చినవాడు అంటున్నాడు. చేసిందని మళ్లీ అతనే అంటున్నాడు.

ఈ గందరగోళంలో బాగుపడినవాడు ఒక్కడే, పెద్ద రిఫరీ. నీళ్లు నమలడం మానేసి టీ తెప్పించుకున్నాడు. "ఒక ఉత్తరంలో అబద్ధం రాసినవాడు మిగతా వాటిలో రాయలేదని ఏమిటి నమ్మకం? ఆ పందొమ్మిదీ కాకతాళీయంగా కలిసి ఉండొచ్చు" అన్నాడు. పందొమ్మిదిలో ఆయనకి కావలసినవి ఆరే. నా విషయంలో ఇంకో మాట అన్నాడు: "మామా కోడలూ కలిసి ఏదో ఆడుతున్నారు. ఆమె ఒప్పుకున్నది కూడా నిజమో, వాళ్ల మామయ్య మాట నిలబెట్టడానికో." రికార్డింగులో నా గొంతు ఉందిగా అన్నాను. "గొంతు ఉంది. ముందు పింక్ తగిలిందని ఎవరు చెప్పారు? నువ్వూ, మీ మామయ్యా" అన్నాడు.

నిజమే మామయ్యా. ఒకే ఒక్క కెమెరా, తగిలింది వెంట్రుకవాసి. నాకు కనపడింది, నీకు కనపడింది. పోస్ట్‌మాన్ తగిలిందనే అన్నాడు, కానీ ఆయనకి ఇప్పుడు మంచివాడనిపించుకునే అవసరం ఉందని వాళ్లు కొట్టేశారు. పింక్ తగలనట్టయితే నేను లేని ఫౌల్ పిలిచినట్టు. అది ఆరుని అయిదు అనడం కన్నా పెద్ద తప్పు.

కమిటీ ఇలా తేల్చింది. ఇరవై తొమ్మిదిన రెండింటికి నువ్వు రావాలి. పద్నాలుగు పుస్తకాలూ తేవాలి. పెద్ద రిఫరీ తనకి నచ్చిన రికార్డింగు ఒకటి పెడతాడు, నువ్వు ఎప్పుడూ చూడని ఫ్రేము. స్కోరు కనపడదు. నువ్వు రాయాలి. ఒక్క పాయింటు తప్పితే నీ కంటి మీద ఆధారపడ్డ ఏ మాటా చెల్లదు. నా పింక్ కూడా.

రావడం నీ ఇష్టం. రాకపోతే నా పేరు ఎలాగూ పోతుంది. నువ్వు వచ్చి తప్పితే నా పేరుతో పాటు నీ పద్నాలుగు పుస్తకాలూ పోతాయి. అందుకని రమ్మని అడగలేకపోతున్నాను. ఒకసారి అడిగిన దానికే ఇంత అయింది.

పిచ్చుక


మార్చి 26, బుధవారం

పిచ్చుకా,

వస్తున్నాను. పుస్తకాలు రెండు సంచుల్లో సర్దాను. ఒకటి నాది, ఒకటి మీ అమ్మది. "నువ్వు లెక్క తప్పితే పక్కన ఏడవడానికి ఒక మనిషి ఉండాలి, గెలిస్తే తిట్టడానికి ఉండాలి" అని రాసింది. ఎటు చూసినా వస్తుందన్నమాట.

నువ్వు ఫౌల్ లేకుండా ఫౌల్ పిలవలేదు. ఆ పింక్ కదలలేదు, బంతి కదిలేంత దెబ్బ కాదు. దాని మీద దీపం మెరుపు ఒక్కసారి వణికింది. నా పుస్తకంలో ఆ గీత పక్కన 'మెరుపు వణికింది' అని అప్పుడే రాసుకున్నాను. కమిటీ నమ్మకపోవచ్చు. నీకు మాత్రం తెలియాలని రాస్తున్నాను.

ఎడమచేతివాడు గెలిస్తే నా ఆటగాడు పోతాడు. పోస్ట్‌మాన్ గెలిస్తే ఆ చోటు అతనిదే, ఇక ఎవరూ ఏమీ అనలేరు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నేను అతని ఆట హాల్లో కూర్చుని చూడబోతున్నాను, అదీ ఒక్క బంతి. ఎవరు గెలవాలని అడగకు. నాకు తెలుసు, చెప్పను. చెబితే నువ్వు టేబుల్ దగ్గర అదే తలుచుకుంటావు.

పెద్ద రిఫరీ ఏ ఫ్రేము పెట్టినా ఫరవాలేదు. అందులో ఆయన ఏడో తప్పు కనపడితే మాత్రం నలభై అయిదో ఉత్తరం అక్కడే రాసిస్తాను.

మా రైలు శుక్రవారం మధ్యాహ్నం రెండూ పదికి ఇక్కడ బయల్దేరి సాయంత్రం ఆరింటికి అక్కడికి చేరుతుంది. మూడో నంబరు పెట్టె. శనివారం పదింటికి నాలుగో టేబుల్, నల్ల బంతి. పదకొండింటికి ఇద్దరిలో ఒకరు రెండో రౌండు ఆడతారు. రెండింటికి కమిటీ గది. అయిదూ నలభైకి తిరుగు రైలు. కమిటీ ఏం తేల్చినా నువ్వు రెండు రోజులు ఇంటికొచ్చి పడుకోవాలని మీ అమ్మ నిర్ణయించింది. అందుకని మూడు టికెట్లు తీసుకున్నాం. కిటికీ సీటు నీది.

మామయ్య